ఏ చక్రం తిరుగుతోంది?

చేతిలో చిన్న కారున్న కుర్రాళ్ళు ఈ మధ్య తరచుగా ఒక సంగతి అడుగుతున్నారు. "మా కారుకి ఎల్‌ఎస్‌డి వేయిద్దామనుకుంటున్నాం సార్, ఏ రకం మంచిది?" అని. ఎల్‌ఎస్‌డి అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. వింటున్న తల్లిదండ్రులు కంగారు పడక్కర్లేదు, ఇది గేర్‌బాక్సులో కూర్చునే ఇనుప సామానే.

భోగాపురం చుట్టుపక్కల వాళ్ళు ఇది అడగడం సహజమే. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నంతసేపూ చిన్న కారుకి ఏ లోటూ కనబడదు. భోగాపురంలో హైవే వదిలి ముక్కాం వైపు, సముద్రం వైపు తిరిగాక తెలుస్తుంది అసలు సంగతి. జీడితోటలు, కొబ్బరితోటలు, సరుగుడు తోటలు. తారు అంచు దిగితే ఇసుక. ఎదురొచ్చే వ్యానుకి దారిద్దామని ఎడమ చక్రాలు కిందకి దించామా, బయల్దేరేటప్పుడు ఎడమ ముందు చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. కుడి చక్రం మంచి తారు మీదే ఉంటుంది, కానీ చేతులు కట్టుకుని కూర్చుంటుంది. భోగాపురం విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగిన తర్వాత ఇటు టిప్పర్లు కూడా తిరుగుతున్నాయి, మలుపుల్లో గ్రావెల్ రాలి ఉంటే అక్కడా అదే తంతు. సెలవు దొరికితే శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కడం మనవాళ్ళకి అలవాటు. వాన వెలిసిన పూట ఆ హెయిర్‌పిన్ మలుపుల్లో గట్టిగా తొక్కితే లోపలివైపు ముందు చక్రం కీచుమంటుంది, కారు ముక్కు మాత్రం బయటివైపు జారుతుంది.

నా జవాబు ముందే చెప్పేస్తాను. అడిగినవాళ్ళలో ఎక్కువమందికి ఎల్‌ఎస్‌డి అక్కర్లేదు, మంచి టైర్లు కావాలి. నిజంగా అక్కరున్నవాళ్ళు రోడ్డు కారుకైతే హెలికల్ గేర్ల రకం వేయించుకోవాలి. ప్లేట్ల రకం పోటీలకు వెళ్ళేవాళ్ళకి. వెల్డింగు రకం ఎవరికీ వద్దు. ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే మామూలు డిఫరెన్షియల్ ఏం చేస్తుందో ముందు చూడాలి.

కారు యూ-టర్ను తీసుకుందనుకోండి. లోపలి చక్రం కన్నా బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి. ఎంత ఎక్కువ? చిన్న కారుకి ముందు చక్రాల మధ్య సుమారు మీటరున్నర ఎడం ఉంటుంది. సగం వృత్తం తిరిగేసరికి బయటి చక్రం దాదాపు నాలుగున్నర మీటర్లు ఎక్కువ నడుస్తుంది. చిత్రమేమిటంటే మలుపు చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా అంతే. రెండు చక్రాల్నీ ఒకే కడ్డీకి బిగిస్తే ఆ నాలుగున్నర మీటర్లూ ఏదో ఒక టైరు రోడ్డు మీద అరుగుతూ పూడ్చాలి. ఆ బాధ లేకుండా రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చేదే డిఫరెన్షియల్. 1820ల చివర్లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాల పనివాడు ఆవిరిబండి కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఈవాళ మన కార్లలో ఉన్నదీ మౌలికంగా ఆ ఏర్పాటే.

దీన్ని కళ్ళతో చూడాలంటే మెకానిక్ షెడ్డుకి వెళ్ళండి. కారు ముందుభాగం లేపి రెండు వైపులా స్టాండ్లు పెట్టించండి. ఇంజన్ ఆపి, మొదటి గేరు వేసి, కుడి చక్రాన్ని చేత్తో ముందుకి తిప్పండి. ఎడమ చక్రం వెనక్కి తిరుగుతుంది. మొదటిసారి చూసిన కుర్రాడు "ఏటన్నా ఇది, ఒకటి ముందుకెల్తే ఇంకోటి ఎనక్కెల్తాది?" అంటాడు. "లోపల స్టార్ పినియన్లున్నాయి తమ్ముడూ, ఇటు తిప్పితే అటు తిరుగుతాయి" అంటాడు మెకానిక్. అదే సంగతి. గేర్‌బాక్సు తిప్పే క్రౌను చక్రం కదలకుండా ఉంది కాబట్టి, ఒక పక్క ఎంత ముందుకెళితే రెండో పక్క అంత వెనక్కి రావాల్సిందే.

వేగం సంగతి ఇలా ఉంటే, బలం సంగతి వేరు. డిఫరెన్షియల్ రెండు వైపులకీ తిప్పే బలాన్ని సమానంగానే ఇస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. తిరిగే చక్రానికే బలమంతా పోతోందని అంటారు. పోదు. కావడి మోసేవాణ్ణి చూడండి. ఒక పక్క కుండ చిల్లిదై రెండు శేర్ల నీళ్ళే నిలిస్తే, రెండో పక్క కుండ ఎంత గట్టిదైనా రెండు శేర్లే పోయాలి. ఇసుకలో ఉన్న చక్రం ఎంత బలాన్ని ఆపుకోగలదో, తారు మీద ఉన్న చక్రానికీ సరిగ్గా అంతే అందుతుంది. ఇసుక చక్రం 200 న్యూటన్ మీటర్ల దగ్గర జారిపోయిందంటే తారు చక్రానికీ 200. మొత్తం 400. తారు చక్రం ఇంకో నాలుగింతలు పట్టగలిగినా దానికి అందేది లేదు. ఇంజన్ ఎంత పెద్దదైనా ఈ లెక్క మారదు. మీరు ఎక్సలేటరు తొక్కిన కొద్దీ ఇసుకలో గొయ్యి లోతవుతుంది.

ఈ ఇబ్బందికి మందు మన రైతులకి ఎప్పట్నుంచో తెలుసు. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు ఒక పెద్ద చక్రం బురదలో తిరిగిపోతుంటే, డ్రైవరు డిఫరెన్షియల్ లాక్ పెడలు తొక్కుతాడు. రెండు వెనక చక్రాలూ ఒకటైపోతాయి, ట్రాక్టరు గట్టెక్కుతుంది. మడి చివర తిప్పేముందు కాలు తీసేయాలని కూడా ఆ డ్రైవరుకి తెలుసు. తీయకపోతే ట్రాక్టరు తిరగదు, తిన్నగా పోతుంది. ఉభాల రోజుల్లో పొలం గట్టు మీద నిలబడి ఓ పూట చూస్తే డిఫరెన్షియల్ పాఠం సగం వచ్చేసినట్టే.

మరి కారుకీ అలాంటి లాక్ పెట్టేస్తే పోదా? ట్రాక్టరుకి బలం పనిచేసేది వెనక చక్రాల్లో, తిరిగేది ముందు చక్రాల్లో. మన చిన్న కారుకి లాగేవీ, తిరిగేవీ రెండూ ముందు చక్రాలే. వాటిని కలిపి బిగిస్తే స్టీరింగు రాయిలా బరువెక్కుతుంది, మలుపులో కారు తిరగనంటుంది, డ్రైవ్ షాఫ్టులు తెగుతాయి. స్టార్ పినియన్లని వెల్డింగు చేసిస్తామనేవాళ్ళు అక్కడక్కడా ఉంటారు. వెనక చక్రాలతో నడిచే బండిని ఖాళీ మైదానంలో జారించి ఆడుకునేవాళ్ళ సంగతి నాకనవసరం. ముందు చక్రాలతో నడిచే కారుకి, రోడ్డు మీద, ఆ పని చేయించకండి. అందుకే లాక్ కాకుండా "కొంచెం జారనిచ్చి, అంతకు మించి జారనివ్వని" సామాను కావలసి వచ్చింది.

దీని పుట్టుక పందేల కార్లలోనే. 1930లలో జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షె ఆటో యూనియన్ కంపెనీకి పదహారు సిలిండర్ల పందెం కారు తయారుచేశాడు. దాని బలానికి గంటకి 160 కిలోమీటర్ల వేగంలో కూడా ఒక వెనక చక్రం ఊరికే తిరిగిపోయేది. 1935లో ఆయన జెడ్‌ఎఫ్ కంపెనీ చేత లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ చేయించాడు. అది వెనక చక్రాల కారు.

మన దేశంలో సామాన్యుడికి ముందు చక్రాల కారు అందింది 1983 డిసెంబరులో, మారుతీ 800తో. అంతకుముందు అంబాసిడరూ, ప్రీమియర్ పద్మినీ అన్నీ వెనక చక్రాలతో నడిచేవే. ఆనాటి డ్రైవర్లకి ఒక కిటుకుండేది. ఒక వెనక చక్రం బురదలో తిరుగుతుంటే హ్యాండ్‌బ్రేకు సగం లాగి నెమ్మదిగా తొక్కేవారు. తిరిగే చక్రానికి బ్రేకు కాస్త అడ్డుపడితే రెండో చక్రానికీ కొంత బలం అందుతుందని వాళ్ళ నమ్మకం. ఆ కిటుకు ఇప్పటి చిన్న కార్ల మీద ప్రయోగించేవాళ్ళని నేను ఇంకా చూస్తూనే ఉన్నాను. పనిచేయదు. మన హ్యాండ్‌బ్రేకు పట్టేది వెనక చక్రాల్ని, జారుతున్నవి ముందువి. పైగా కారుని మీరే వెనక్కి లాగుతున్నట్టు.

ముందు చక్రాల కారుకి ఇంకో స్వభావం ఉంది. సమతలం మీద ఇంజను బరువంతా ముందు టైర్ల మీదే ఉంటుంది కాబట్టి పట్టు బావుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ బరువులో కొంత వెనక్కి జరుగుతుంది. గట్టిగా తొక్కితే ఇంకొంత. మలుపులో అయితే లోపలివైపు నుంచి బయటివైపుకి కూడా జరుగుతుంది. అనంతగిరి హెయిర్‌పిన్ మలుపులో ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి. పాపం ఆ లోపలి ముందు చక్రం మీద మిగిలే బరువెంత? అందుకే అక్కడ అదే ముందు జారుతుంది. అది జారితే బయటి చక్రానికీ బలం తగ్గిపోతుంది, ఇందాక చెప్పిన లెక్క ప్రకారం. మంచి ఎల్‌ఎస్‌డి ఉంటే ఆ బలం బయటి చక్రానికి ఎక్కువగా పోయి, కారు ముక్కుని మలుపులోకి లాగుతుంది. ఒకసారి ఈ తేడా అనుభవించినవాళ్ళు మళ్ళీ మామూలు కారు నడపడానికి ఇష్టపడరు, అది నేనొప్పుకుంటాను.

ఇప్పుడు అసలు పరీక్ష. కొనేముందు ఒకటే తేల్చుకోండి. మీ కారు జారినప్పుడు ఒక చక్రం తిరుగుతోందా, రెండూ తిరుగుతున్నాయా? నమ్మకస్తుణ్ణి ఒకణ్ణి కాస్త దూరంగా పక్కన నిలబెట్టి చూడమనండి. తడి రోడ్డు మీద బయల్దేరేటప్పుడు రెండూ గీసుకుపోతున్నాయంటే ఎల్‌ఎస్‌డి మీకేమీ చేయదు. రెండు వైపులా పట్టు లేనప్పుడు ఎటు బలం మార్చి ఏం లాభం? సముద్రపు ఒడ్డున మెత్తటి ఇసుకలో రెండు చక్రాలూ కూరుకుపోయినా అంతే. అక్కడ కావలసింది టైర్లలో గాలి ఇరవై పాయింట్ల దాకా తగ్గించడం, చక్రాల ముందు కొబ్బరి మట్టలు పరవడం, స్టీరింగు తిన్నగా ఉంచి రెండో గేరులో నెమ్మదిగా కదలడం. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న కారైతే ఆ పూటకి ఆ బటను నొక్కి ఆపేయాలి, లేకపోతే చక్రం జారగానే అది ఇంజను గొంతు నొక్కేస్తుంది, కారు అక్కడే ఆగిపోతుంది. బయటపడ్డాక మళ్ళీ గాలి పట్టించకుండా హైవే ఎక్కకూడదు.

టైర్ల మాటొచ్చింది కాబట్టి ఇంకో నిమిషం దాని మీదే ఉంటాను. టైరు పక్కన నాలుగంకెలు అచ్చువేసి ఉంటాయి. 3521 అనుంటే 2021వ సంవత్సరం ముప్ఫై అయిదో వారంలో తయారైందని అర్థం. గాళ్ళు బాగానే కనబడుతున్నా ఏళ్ళ తరబడి ఎండకి నిలబడ్డ రబ్బరు గట్టిపడిపోతుంది, తడి రోడ్డు మీద సబ్బులా జారుతుంది. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చిందంటే చట్టం ప్రకారం కూడా మార్చాల్సిందే. మార్చేటప్పుడు ముందు రెండు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే రకానివి వేయండి. కారుకి ఎల్‌ఎస్‌డి ఉంటే ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఒక పక్క కొత్త టైరు, ఒక పక్క అరిగిన టైరు ఉంటే రెండింటి చుట్టుకొలతా వేరవుతుంది, తిన్నటి రోడ్డు మీద కూడా ఆ సామాను లోపల ఊరికే పనిచేస్తూ వేడెక్కుతుంది, స్టీరింగు ఒక పక్కకి లాగుతుంది. కొత్త టైర్లు వేసి, గాలి సరిచూసి, అలైన్‌మెంటు చేయించి, అప్పటికీ ఒక చక్రమే తిరుగుతోందంటే, అప్పుడు రండి, ఎల్‌ఎస్‌డి గురించి మాట్లాడుకుందాం.

రకాలు చాలా ఉన్నా చిన్న కారుకి ఆలోచించదగ్గవి రెండే. సిలికాన్ ద్రవంతో నడిచే విస్కస్ రకం ఒకటుంది, అది జారడం మొదలయ్యాక ఆలస్యంగా పట్టుకుంటుంది, ముసలిదైతే పట్టే మానేస్తుంది. మామూలు డిఫరెన్షియల్ లోపల స్ప్రింగులూ పలకలూ ఇరికించి చవగ్గా అమ్మే సామాను ఇంకోటి, దాన్ని తలుచుకోనక్కర్లేదు.

మొదటిది ప్లేట్ల రకం. బైకు క్లచ్చి ప్లేట్లని చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. లోపల రెండు వైపులా ప్లేట్ల దొంతర్లు. మధ్య కడ్డీ ఏటవాలు గాడిలో కూర్చుని ఉంటుంది. ఇంజను బలం వచ్చినప్పుడు ఆ కడ్డీ గాడి గోడల్ని దూరం తోస్తుంది, ప్లేట్లు నొక్కుకుంటాయి, రెండు చక్రాలూ దాదాపు ఒకటవుతాయి. గాడి వాలుని బట్టి స్వభావం మారుతుంది. తొక్కినప్పుడు మాత్రమే పట్టేది ఒన్-వే. తొక్కినా వదిలినా ఒకేలా పట్టేది టూ-వే. వదిలినప్పుడు కాస్త తక్కువ పట్టేది ఒన్-పాయింట్-ఫైవ్. ముందు చక్రాల కారుకి టూ-వే వేస్తే మలుపు దగ్గర కాలు తీసినప్పుడు కూడా రెండు చక్రాలూ బిగుసుకుని, కారు తిరగకుండా తిన్నగా పోవాలని చూస్తుంది. ఘాట్ రోడ్డులో అది ప్రాణం మీదకి తెస్తుంది. కాబట్టి ఒన్-వే గానీ, ఒన్-పాయింట్-ఫైవ్ గానీ. దీనికి ప్రీలోడ్ అని ఒకటుంటుంది, అంటే బలం రాకముందే స్ప్రింగుతో కొంత నొక్కి ఉంచడం. అది ఎక్కువైతే పార్కింగులో తిప్పేటప్పుడు కటకటమని చప్పుడు, స్టీరింగు మొండికేయడం.

ప్లేట్ల రకానికి అసలు చిక్కు ఆయిల్ దగ్గర. లారీకి, జీపుకి డిఫరెన్షియల్ వెనక ఇరుసులో విడిగా ఉంటుంది, దాని ఆయిల్ దానిదే. ముందు చక్రాల కారుకి గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఒకే ఆయిల్ తాగుతాయి. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారులోనైతే అలెక్ ఇస్సిగోనిస్ ఇంజన్ ఆయిలు కూడా అందులోనే కలిపేశాడు, అదో వింత. ప్లేట్లు అరిగి రాలిన పొడి ఆ ఆయిల్లోనే కలుస్తుంది, అదే ఆయిల్ గేర్ల బేరింగుల్లోకి, గేరు మారడానికి తోడ్పడే సింక్రో రింగుల్లోకి పోతుంది. ప్లేట్లకి రాపిడిని మెత్తబరిచే ఆయిల్ కావాలి, సింక్రో రింగులకి వేరే గుణం కావాలి. రెండింటికీ సరిపోయేదని తయారీదారు చెప్పినదే పోయాలి, తరచుగా మార్చాలి, కొన్నాళ్ళకి విప్పి ప్లేట్లు మార్చాలి. కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వేలోనో, చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులోనో పోటీకి దిగేవాడికి ఇది ఫరవాలేదు. పోటీకి పోటీకి మధ్య గేర్‌బాక్సు విప్పడం వాళ్ళకి అలవాటే, పైగా వాలు కోణాలూ ప్రీలోడూ కావలసినట్టు మార్చుకునే వీలు వాళ్ళకి అవసరం. రోజూ విజయనగరం ఆఫీసుకి వెళ్ళొచ్చేవాడికి ఇంత సేవ ఎందుకు?

రెండోది హెలికల్ గేర్ల రకం. ఇందులో ప్లేట్లు లేవు. ఏటవాలు పళ్ళున్న చిన్న చిన్న గేర్లు గూళ్ళలో కూర్చుని ఉంటాయి. బలం మీద పడినప్పుడు ఆ వాలు పళ్ళు గేర్లని గూటి గోడలకేసి, చివరలకేసి నొక్కుతాయి. ఆ రాపిడే ఒక పక్క ఎక్కువ తిరగకుండా అడ్డుపడుతుంది. ఎంత తొక్కితే అంత పడుతుంది, కాలు తీస్తే దాదాపు వదిలేస్తుంది. చప్పుడుండదు, అరుగుదల బహు తక్కువ, గేర్‌బాక్సు ఆయిలే సరిపోతుంది. ఇంగ్లండులోని క్వెయిఫ్ కంపెనీ, టార్సెన్ పేరుతో వచ్చేవీ ఈ కోవలోవే. 1997లో జపాన్లో వచ్చిన మొదటి హోండా సివిక్ టైప్-ఆర్‌కి, 2018లో యూరప్‌లో వచ్చిన ఫోర్డ్ ఫియెస్టా ఎస్‌టిలో కోరినవాళ్ళకీ వేసింది ఇలాంటిదే. ఫియెస్టా ఎస్‌టి మూడు సిలిండర్ల కారు, అయినా రెండొందల గుర్రాల బలం. హ్యుందాయ్ యూరప్‌లో అమ్మిన ఐ20 ఎన్ కారుకి కూడా మెకానికల్ ఎల్‌ఎస్‌డి ఉంది, దానిదీ రెండొందలు దాటిన బలమే. మనకి 2021లో వచ్చిన ఐ20 ఎన్ లైన్ 120 గుర్రాలది, దానికి లేదు. కంపెనీల లెక్క అర్థమవుతోంది కదా. ఏ బలం దగ్గర ఇది అవసరమవుతుందని వాళ్ళు అనుకున్నారో!

హెలికల్ రకానికి ఒక అంకె ఉంటుంది, టార్క్ బయాస్ రేషియో అంటారు. జారే చక్రం ఎంత బలం ఆపుకుంటోందో, రెండో చక్రానికి దానికి ఎన్ని రెట్ల వరకూ ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది. రెండున్నర అనుకుందాం. ఇందాకటి ఇసుక చక్రం 200 దగ్గర జారితే, తారు చక్రానికి 500 అందుతుంది. మొత్తం 700. మామూలు దానితో 400 ఉండేది. ముక్కాం దారిలో తారు అంచున ఇరుక్కున్న కారు లేచి రావడానికి ఈ తేడా చాలాసార్లు చాలు.

దీనికో బలహీనత ఉంది, అమ్మేవాడు చెప్పడు. ఒక చక్రం గాలిలోకి లేచిపోయిందనుకోండి, గతుకు రోడ్డులో ఒక మూల గోతిలో పడ్డప్పుడు అలా జరుగుతుంది. గాలిలో చక్రం ఆపుకునేది సున్నా. సున్నాని రెండున్నరతో గుణిస్తే సున్నాయే. అప్పుడు హెలికల్ కూడా మామూలు డిఫరెన్షియల్‌లాగే చతికిలపడుతుంది. ప్లేట్ల రకానికి ప్రీలోడ్ ఉంటుంది కాబట్టి అది కొంత లాగుతుంది. హెలికల్ ఉన్నవాళ్ళకి దీనికో ఉపాయం ఉంది. ఎక్సలేటరు మీద కాలుంచి, రెండో కాలితో బ్రేకు కొద్దిగా నొక్కండి. బ్రేకు ఒక్కో చక్రం మీద 100 పట్టిందనుకుందాం. గాలిలో చక్రం ఇప్పుడు 100 ఆపుకుంటోంది. రెండో చక్రానికి 250 వస్తుంది. అందులో దాని బ్రేకుకి 100 పోగా 150 మిగులుతుంది, కారు కదులుతుంది. మామూలు డిఫరెన్షియల్‌తో ఇదే చేస్తే వచ్చేది 100, బ్రేకుకి పోయేది 100, మిగిలేది గుండుసున్నా. కొన్ని కొత్త కార్లలో రెండు పెడళ్ళూ ఒకేసారి తొక్కితే కంప్యూటరు ఇంజన్ బలం తగ్గించేస్తుంది. మీ కారు ఎలాంటిదో ఖాళీ స్థలంలో చూసుకోండి.

ఇవేవీ లేకుండా బ్రేకులతోనే పని కానిచ్చే పద్ధతి మీ కారులో ఇప్పటికే ఉండొచ్చు. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కార్లు చాలావరకు తిరిగిపోయే చక్రం ఒక్కదానికే బ్రేకు వేయగలవు, అప్పుడు రెండో పక్కకి బలం అందుతుంది. ఫోక్స్‌వాగన్, స్కోడా వాళ్ళు ఎక్స్‌డీఎస్ అని పిలిచేది ఈ జాతిదే, మలుపులో లోపలి చక్రాన్ని కొద్దిగా బ్రేకుతో పట్టుకుంటుంది. ఇది బలాన్ని వేడి కింద కాల్చేస్తుంది, పందెంలో పనికిరాదు, బ్రేకు ప్యాడ్లు అరుగుతాయి. కానీ పైసా ఖర్చు లేకుండా వచ్చింది. తారు అంచున ఇసుక సమస్యకి నా దృష్టిలో ఇది చాలు. సెకండ్‌హ్యాండ్ కారుకి ఎల్‌ఎస్‌డి వేయించే బదులు ఈ సదుపాయమున్న మోడలు చూసి కొనుక్కోవడం తెలివైన పని.

ఇంత విన్నాక కూడా వేయిస్తానంటే, కారు పేరుతో కాదు, గేర్‌బాక్సు పేరుతో వెతకండి. జపాన్లో స్విఫ్టూ మన స్విఫ్టూ పేరుకి ఒకటే, లోపలి గేర్‌బాక్సు వేరు కావచ్చు. క్రౌను బోల్టుల సంఖ్య, వాటి మధ్య దూరం, బేరింగు కొలత, డ్రైవ్ షాఫ్టు చివరి గాళ్ళ సంఖ్య, ఈ నాలుగూ కలవాలి. డబ్బు కట్టేముందు ఈ కొలతలు రాతపూర్వకంగా తెప్పించుకోండి. విదేశం నుంచి వచ్చిన సామాను తిప్పి పంపడం కొన్నంత సులువు కాదు.

బిగింపు రోడ్డు పక్క పని కాదు. గేర్‌బాక్సు దించాలి, రెండుగా విప్పాలి, పాత డిఫరెన్షియల్ నుంచి క్రౌను విప్పి కొత్తదానికి ఎక్కించాలి. క్రౌను బోల్టులు కొత్తవే వేయించండి, టార్క్ రేంచితో లెక్క ప్రకారం బిగించమనండి. పాత బోల్టు తెగి గేర్లలో పడితే గేర్‌బాక్సు పెంకు పగులుతుంది. బేరింగు కింద వేసే షిమ్ముల మందం మళ్ళీ కొలిచి సరిచేయాలి. ఈ మాట చెప్పినప్పుడు మీ మెకానిక్ "అదేటి, పాతవే ఏసేద్దాం" అంటే, ఆయన మంచివాడే కావచ్చు, ఈ పనికి మాత్రం ఇంకొకర్ని చూసుకోండి. పెట్టె విప్పారు కాబట్టి ఆయిల్ సీళ్ళూ, క్లచ్చి ప్లేటూ ఆ చేత్తోనే చూసేయమనండి, మళ్ళీ దించే కూలి మిగులుతుంది. మొదట కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి ఆయిల్ ఒకసారి మార్చాలి. వారంటీలో ఉన్న కారైతే గేర్‌బాక్సు మీద ఆ రక్షణ పోతుందని ముందే అనుకోండి. ఇన్సూరెన్సు కంపెనీకి రాసి చెప్పి, పాలసీలో చేర్పించుకోండి.

నడిపేటప్పుడు తేడా చేతికి తెలుస్తుంది. ఒక చక్రం గ్రావెల్ మీద, ఒకటి తారు మీద ఉండగా గట్టిగా తొక్కితే స్టీరింగు తారు చక్రం లాగే లెక్కన పక్కకి గుంజుతుంది. ఒక చెయ్యి కిటికీ మీద పెట్టి నడిపే అలవాటున్నవాళ్ళు రెండు చేతులూ స్టీరింగు మీదకి తెచ్చుకోవాలి.

చివరగా ఒక జాగ్రత్త, ముఖ్యంగా ప్లేట్ల రకం వేయించుకున్నవాళ్ళకి. పంచరైనప్పుడో, చప్పుడు వినడానికో ఒక ముందు చక్రం మాత్రమే జాకీ మీద లేపి, ఇంజన్ స్టార్టు చేసి గేరు వేయడం మన షెడ్లలో మామూలు. మామూలు డిఫరెన్షియల్ అయితే గాలిలో ఉన్న చక్రం తిరుగుతుంది, కారు నిలబడుతుంది. ప్లేట్ల ఎల్‌ఎస్‌డి ఉన్న కారు అలా నిలబడదు, నేల మీదున్న చక్రం లాగుతుంది, కారు జాకీ మీంచి దూకుతుంది, ఎదురుగా కూర్చున్న మనిషి మీదకి వస్తుంది. లేపితే రెండు చక్రాలూ లేపాలి, స్టాండ్ల మీద. ఈ కారుకి ఎల్‌ఎస్‌డి ఉందని బానెట్టు కింద తెలుగులో పెద్దక్షరాలతో రాసి అంటించండి, కారు మీరు అమ్మేసిన తర్వాత దాన్ని విప్పేవాడికి కూడా కనబడాలి.